మేలురకం నడుము

మనిషి నడుము ఎంతవరకు నిలుస్తుందో తేల్చే అధికారం వైద్యుడికీ లేదు, దేవుడికీ లేదు. వీల్‌చైర్ బాస్కెట్‌బాల్ నడుము నిర్ధారణ ఉపసంఘానికి మాత్రమే ఉంది. (దేవుడు అప్పీలు చేసుకున్నట్టు దాఖలా లేదు.)

ఉపసంఘం కార్యాలయం బ్రాడీపేటలో, లిఫ్టు లేని మేడ మీద ఉంది. మెట్లెక్కి రాలేనివాళ్లు గైర్హాజరు కింద లెక్క. ఎక్కి వచ్చినవాళ్లకు వైకల్యం లేనట్టు లెక్క. మిర్చి వ్యాపారి ఖలీల్ తన కూతురు కౌసర్‌ను కుర్చీతో సహా హమాలీల చేత పైకి మోయించాడు. ఏ లెక్కకూ అందని ఈ రాకను ఉపసంఘం కాసేపు అనుమానంగా చూసింది.

నియమం తేలికే. నడుము ఎంత నిలకడగా ఉంటే ఆటగత్తెకు అంత ఎక్కువ పాయింట్లు. కోర్టులో దిగినవాళ్ల పాయింట్లన్నీ కలిపితే హద్దు దాటకూడదు. కౌసర్‌కి పాయింట్లు తక్కువ కాబట్టే, నెలాఖరు జాతీయ పోటీలకు రాష్ట్ర జట్టులో చోటు దొరికింది. పోటీలకు ముందు ఆ పాయింట్లను ఉపసంఘం మరోసారి సరిచూడాలి. ఖలీల్ మాత్రం నియమంలో మొదటి ముక్క విని, ధర తెలిసిపోయిందనుకున్నాడు. మిర్చి యార్డులో బస్తా మూతి విప్పితే పైన కనబడేది ఎప్పుడూ మేలురకమే. రంగు పోయిన తాలుకాయ అడుగున ఉంటుంది.

"నిటారుగా కూర్చోమ్మా. తాలు కనబడనివ్వకు."

"ఇది యార్డు కాదు నాన్నా. హెలెన్ మేడమ్ ఉన్నదున్నట్టు చూపించమంది."

"మీ కోచ్ ఎప్పుడైనా బస్తా అమ్మిందా?"

కౌసర్ కాదనలేకపోయింది. నడుమును కుర్చీకి కట్టిన బెల్టు విప్పి, వంగి నేల మీది బంతిని అందుకుని, పళ్లు బిగబట్టి, మెడ విసురుతో మళ్లీ నిటారుగా అయింది. అధ్యక్షుడు వెంకటనారాయణ గారు "భేష్" అన్నారు. పాయింట్లు పెరిగాయి. ఖలీల్ హమాలీలకు కూడా మిఠాయి పంచాడు.

మర్నాడు హెలెన్ ఫోన్ చేసింది. "నడుం బాగా చూపించారంటగా సార్. ఇప్పుడు మీ అమ్మాయిని దింపితే హద్దు దాటిపోతాం. వేరే అమ్మాయిని తీసుకుంటున్నాం."

మేలురకాన్ని వెనక్కి తిప్పి పంపే బజారును ఖలీల్ మొదటిసారి చూశాడు. మళ్లీ కుర్చీ, హమాలీలు, మేడ.

"అయ్యా, అది అసలు నడుం కాదండీ. పైన పేర్చిన రకం."

"మోసమైతే జీవితకాలం నిషేధం. నిజమైతే పాయింట్లు ఖాయం. ఏది రాసుకోమంటారు?" అన్నారు వెంకటనారాయణ గారు.

ఖలీల్ కూతురి కుర్చీ పక్కకు జరిగాడు.

"నా నడుం సంగతి నన్ను అడగండి సార్," అంటూ కౌసర్ బెల్టు విప్పి, చక్రాల మీంచి చేతులు తీసేసింది. మరుక్షణం పక్కకు ఒరిగిపోయి, తల నేలకు తగిలేలోపు తండ్రి చేతుల్లో పడింది.

వెంకటనారాయణ గారు కళ్లజోడు సర్దుకుని, "పక్కకు కూడా వంగగలదు" అని రాసుకున్నారు. సాయంత్రానికి ఇంకో అర పాయింటు పెరిగింది.