డెబ్బై రెండు సెకన్లు చాలు

మనిషి చెడిపోయేది ఆలోచించుకోవడానికి టైమ్ దొరికినప్పుడేనని నా నిశ్చితాభిప్రాయం. మరి ఎంత టైమ్ ఇవ్వాలంటారా? డెబ్బై రెండు సెకన్లు. అంతకు మించి ఒక్క సెకను ఇచ్చినా పాడైపోతాడు!

ఈ లెక్క నాది కాదు. చార్టర్డ్ అకౌంటెంట్ కావాలనుకునేవాళ్ళు మొట్టమొదట రాయాల్సిన సీపీటీ పరీక్షది. పొద్దున రెండు గంటల్లో వంద ప్రశ్నలు, మధ్యాహ్నం రెండు గంటల్లో ఇంకో వంద. నాలుగేసి జవాబులు వాళ్ళే ఇస్తారు. మనం ఒకదాని పక్కన గుండ్రం నింపాలి. తప్పు నింపితే పావు మార్కు కోత, వదిలేస్తే కోత లేదు. రెండు గంటల్ని వందతో భాగించి చూడండి. ఎంతొచ్చింది? అదీ సంగతి!

ఇంత చక్కటి ఏర్పాటును పట్టుకుని హింస అనేవాళ్ళున్నారు. వాళ్ళ కోసమే న్యూస్ పేపర్లో ఈ నాలుగు ముక్కలు.

నాకు పెళ్ళై ఆరు నెలల నాలుగు రోజులైంది. లెక్కపెట్టుకుంటున్నానని అనుకోకండి. లెక్కపెట్టుకుంటున్నాను. అత్తవారిది ఏలూరు, ఇంటిల్లిపాదీ మాస్టార్లు. మామగారు ఎలీయాజరు గారు హెడ్మాస్టరుగా రిటైరయ్యారు. అత్తగారు దేవకుమారి గారు తెలుగు టీచరు. మావారు నెల్సన్ దెందులూరు దగ్గర హైస్కూల్లో డ్రిల్లు మాస్టారు. ఆ ఇంటి కోడలు బీఈడీ చేసి బడికి వెళ్ళడం సూర్యుడు తూర్పున ఉదయించడం లాంటిది. నేను మాత్రం ఆడిటర్నవుతానన్నాను. పెళ్ళిచూపుల్లోనే, కాఫీ కప్పు అందిస్తూ అన్నాను.

ఒక్కసారి రాసి చూడమన్నారు. ఒక్కసారే. తప్పితే బీఈడీ ఫారం. అది అప్పటికే బీరువాలో ఉంది. పాసైతే తాడేపల్లిగూడెంలో ఆడిటర్ నిత్యానందం గారి దగ్గర చేరి మూడున్నరేళ్ళు పని నేర్చుకోవచ్చు. "పాసైతే మాకు అభ్యంతరం ఏముంటుందమ్మా?" అన్నారు మామగారు. అది జవాబో, ప్రశ్నో అప్పుడు ఆలోచించలేదు.

ఏప్రిల్లో మొదటి ప్రాక్టీసు పేపరు రాశాను. రెండు గంటల్లో ముప్పై ఒక్క ప్రశ్నలు! నాకు రాక కాదండీ, మర్యాద ఎక్కువై. మాది పెంటపాడు. మావైపు నలుగురు నాలుగు మాటలంటే, నలుగురికీ "మీరన్నదీ నిజమేనండీ" అని చెప్పి, మజ్జిగిచ్చి పంపుతాం. అలాంటిదాన్ని, (ఏ) చదివితే నిజమే అనిపించేది. (బి) చదివితే పాపం, అదీ నిజమే. (సి)ని మొహం మీదే కాదనడానికి మొహమాటం. ఇక (డి) 'పైవేవీ కావు' అంటుంది. ఎంత పొగరు!

పైగా ఒప్పందాల చట్టంలో ఓ ప్రశ్న. ఎదుటివాడు బేరం పెట్టాడు, మనం మౌనంగా ఉన్నాం, ఒప్పుకున్నట్టా, కానట్టా? మౌనం అర్ధాంగీకారమని పుట్టినప్పట్నుంచీ వింటున్నదాన్ని! ధైర్యంగా గుండ్రం నింపాను. చట్టం ఒప్పుకోలేదు. పావు మార్కు పోయింది.

అప్పుడు మావారు రంగంలోకి దిగారు. ఆయనకు అకౌంట్లు రావు, పరుగు వచ్చు. పేపర్ని నాలుగు రౌండ్లు చేశారు. పాతిక ప్రశ్నలకి అరగంట. అరగంట కాగానే విజిల్.

"రాని ప్రశ్న దగ్గర నిలబడిపోతావేం పెర్సీ? దాటెయ్. వచ్చినవన్నీ అయ్యాక వెనక్కొచ్చి చూసుకోవచ్చు."

"వదిలేస్తే బాధపడుతుందేమోనండీ."

"ఎవరు?"

"ప్రశ్న."

ఆయన నోట్లోంచి విజిల్ తీసేసి నావంక అలాగే చూశారు. కొత్తగా పెళ్ళైనవాళ్ళని ఎవరైనా అలా చూస్తే ఎలా ఉంటుందో చెప్పమంటారా? వద్దులెండి. విషయానికొస్తాను.

వేసవి సెలవులు మొత్తం మా ఇంట్లో విజిలే విజిలు. పక్కింటి సాబిరా గారు అది తమ కుక్కరే అనుకుని రెండు పూటలు స్టవ్వు కట్టేశారు. పప్పు ఉడకలేదు. ఉడకని పప్పు గిన్నెతో సహా మాకు పంపారు. అయితేనేం, నేను యాభై ఎనిమిదికి వచ్చాను, తరవాత ఎనభై నాలుగు, మే నెలాఖరుకి వందకి వంద ప్రశ్నలు!

ఇప్పుడు చెప్పండి, ఈ పద్ధతి పరీక్షలకేనా, లోకానికంతటికీ పెట్టొద్దూ?

చేపల మార్కెట్టే తీసుకోండి. అత్తయ్యగారు కొల్లేటి కొర్రమీను బేరం మొదలుపెట్టినప్పుడు అది పడుచు చేప. బేరం తెగేసరికి దానికి మనవలు పుడతారు. కొల్లేరు ఎంతవరకు కొల్లేరో తేల్చడానికి పెద్దలు ఎన్నేళ్ళు తీసుకున్నారు? అడగాల్సింది ఒకే ప్రశ్న: (ఏ) సరస్సు, (బి) చేపల చెరువు, (సి) పొలం, (డి) ఎలక్షన్లయ్యాక చూద్దాం. డెబ్బై రెండు సెకన్లలో తేలిపోదూ? నిజమే, అందరూ (డి) నింపుతారు. కానీ త్వరగా నింపుతారు కదా!

కొత్త జంటకి చుట్టాలిళ్ళల్లో భోజనాలుంటాయి, మీకు తెలియనిది కాదు. ఆకివీడులో పెద్దత్తయ్యగారు నా విస్తట్లో మూడో చేప ముక్క వేసి, నాలుగోది గరిటెలో పట్టుకుని, "ఇంకొక్కటి వెయ్యనా అమ్మా?" అన్నారు. పెళ్ళైన కొత్తలో అయితే "అయ్యో, చాలండీ, పర్వాలేదండీ, మీరు తినండీ" అని పావుగంట నడిపి, చివరికి రెండు ముక్కలు తినేదాన్ని. ఇప్పుడు నాలుగు సెకన్లు.

"వద్దండీ."

గరిటె గాల్లోనే ఆగిపోయింది. ఆకివీడులో ఒక కోడలు మొదటిమాటకే వద్దనడం అదే మొదటిసారి అనుకుంటాను. బస్సులో తిరిగొస్తూ అత్తయ్యగారు కిటికీలోంచి బయటికి చూస్తూ, "అమ్మాయికి చదువు బాగానే వంటబడుతోంది," అన్నారు. నేను మెచ్చుకోలుగానే తీసుకున్నాను.

జూన్లో విజయవాడ వెళ్ళి పరీక్ష రాశాను. రాని ప్రశ్నలు పదకొండు. వాటికి నమస్కారం పెట్టి, క్షమాపణ కూడా చెప్పకుండా దాటేశాను. జూలైలో రిజల్టు. రెండొందలకి నూట ఇరవై ఏడు. పాస్! ఇంటర్నెట్ సెంటర్లో, పదిమందిలో, మావారు నా చెయ్యి పట్టుకున్నారు. ఏలూరులో! పట్టపగలు!

ఆ సాయంత్రమే అడిగాను. "సోమవారం చేరిపోనా మామయ్యగారూ?"

"చాలా సంతోషమమ్మా," అన్నారు. "చూద్దాం."

"వానలు కాస్త తగ్గనీ," అన్నారు అత్తయ్యగారు. "రోజూ రైల్లో అంటే మాటలా? మీ నాన్నగారిని కూడా ఓ మాట అడగాలి కదా, పెర్సిస్."

పెంటపాడు ఫోన్ చేశాను. "బావగారు ఎలా అంటే అలాగే," అన్నారు నాన్నగారు. ఆ మాట మామగారికి చెప్పాను. బావగారి మనసులో ఏముందో కనుక్కోవాలన్నారు ఆయన. అప్పట్నుంచీ ఇద్దరూ ఒకరి మనసు ఒకరు కనుక్కుంటున్నారు. ఎవరూ వద్దనలేదు, ఆ మాట ఒట్టేసి చెప్పగలను. అంత మంచివాళ్ళు! బీఈడీ ఫారం మాత్రం బీరువాలోంచి టీవీ మీదికి వచ్చింది.

ఇవాళ్టికి ఇరవై ఆరు రోజులు. ఒకే ఒక్క ప్రశ్న. రెండే జవాబులు. పావు మార్కు కోత కూడా లేదు. ఇరవై ఆరు రోజుల్ని డెబ్బై రెండు సెకన్లతో భాగించాను, మరి అలవాటైపోయింది కదా! ముప్పై ఒక్క వేల రెండు వందలొచ్చింది. అంటే వాళ్ళు ఈ ఒక్క ప్రశ్న దగ్గర నిలబడి ఉండగా నేను నూట యాభై ఆరుసార్లు సీపీటీ రాసెయ్యొచ్చు. రెండు గంటల్లో వంద గుండ్రాలు నింపాల్సింది ఇరవై రెండేళ్ళ అమ్మాయిట. దాని బతుకు మీద ఒక్క గుండ్రం నింపాల్సిన పెద్దవాళ్ళకి మాత్రం గడియారమే లేదుట!

నిన్న సాయంత్రం మావారు స్కూలు నుంచి వస్తూ స్టేషన్లో ఆగారు. జేబులోంచి ఓ కార్డు తీసి ఇచ్చారు. ఏలూరు నుంచి తాడేపల్లిగూడేనికి సీజన్ టికెట్, నా పేరు మీద.

"దెందులూరు దాకా నేనూ అదే బండి కదా," అన్నారు. చెవులు ఎర్రబడ్డాయి. ఆయనవి.

"మరి అత్తయ్యగారికి ఎవరు చెప్తారండీ?"

"పేపర్లో రాస్తావుగా," అన్నారు.

రాశాను. ఇది సోమవారం పేపర్లో వస్తుంది. అత్తయ్యగారు పేపరు తెరిచేసరికి మావారు దెందులూరులో దిగిపోయి ఉంటారు, నేను భీమడోలు దాటి ఉంటాను. ఆవిణ్ణి ఎరిగినవాళ్ళు ఎవరైనా ఉంటే ఓ మాట చెప్పండి. కూర్చుని నిదానంగా ఆలోచించుకోమనండి. నా తరఫున తొందరేమీ లేదు.