పొగకు కారణం దొరికింది

"మన రాష్ట్రంలో పుట్టిన పొగ మన రాష్ట్రంలో ఉండదు. ఇది నా మాట" అని మంత్రిగారు మైకులో ప్రకటించారు. మంత్రిగారి మాటంటే మాటే. ఆర్నెల్లు తిరక్కుండానే ఫ్యాక్టరీ పొగగొట్టాన్ని రెట్టింపు ఎత్తు చేయించారు. పొగ జనం నెత్తిమీదుగా హుందాగా సాగి, సరిహద్దు దాటి, పక్క రాష్ట్రంలో దిగింది.

ఆ మాట నమ్మని పాపాత్ముడు ఒక్కడే. కాలుష్య శాఖ ఆఫీసు డాబా మీద గాలి మీటరు చూసి రాసుకునే ఉద్యోగి. అందరూ 'రీడింగు' అంటారు. అతని ఏడేళ్ళ కూతురికి దగ్గు. కొన్నాళ్ళు మంచి గాలి తగలకపోతే ఊపిరితిత్తులు పాడైపోతాయని డాక్టరు తేల్చి చెప్పాడు. గొట్టం ఎప్పుడు లేస్తుందోనని ఆగలేక, రీడింగు పిల్లని పక్క రాష్ట్రంలో ఉన్న చెల్లెలి ఇంట్లో దింపి వచ్చాడు. ఆ మర్నాడే గొట్టం లేచింది.

వారం తిరిగేసరికి చెల్లెలు ఫోను చేసింది. "అన్నయ్యా, ఇక్కడ ఆరేసిన బట్టలు నల్లబడుతున్నాయి. పిల్ల దగ్గి దగ్గి మెలికలు తిరిగిపోతోంది. నాకు భయంగా ఉంది, వచ్చి తీసుకుపో."

సెలవు దొరికేసరికి నెల పట్టింది. ఈలోగా పక్క రాష్ట్రం మంత్రిగారికి రోషం వచ్చి, తమ ఫ్యాక్టరీకి అంతకంటే ఇంకాస్త ఎత్తు గొట్టం కట్టించారు. రీడింగు కూతుర్ని తీసుకుని ఏ రోజు బస్సు దిగాడో, ఆ రోజే అవతలి పొగ కూడా దిగింది. అతనికి ఏడుపొక్కటే తక్కువ.

మంత్రులిద్దరూ ఒకరి మీద ఒకరు దుమ్మెత్తి పోసుకున్నాక, ఉమ్మడి కమిటీ పడింది. రిజిస్టర్లు తెమ్మంది.

రిజిస్టరులో 'వివరాలు' అని ఒక గడి ఉంటుంది. ఖాళీగా వదలరాదని కింద అచ్చేసి ఉంటుంది. గాలి గురించి రోజూ కొత్తగా రాయడానికి ఏముంటుంది? అందుకని రీడింగు ఏళ్ళ తరబడి ఇంటి సంగతులే రాసుకుంటూ వచ్చాడు. ఇన్నాళ్ళూ చదివినవాళ్ళు లేరు.

"మీటరు మూడు వందలు. వివరాలేంటి?" అన్నాడు కమిటీ పెద్ద.

"'పాప ఇంట్లోనే ఉంది' అని రాశాడండీ" అన్నాడు రిజిస్టరు చదువుతున్న గుమాస్తా.

"నలభైకి పడిపోయిన నెల?"

"'పాప మేనత్త ఇంట్లో ఉంది.'"

"ఆ నెల మీ దగ్గరెంత?"

"మూడు వందలండీ" అన్నాడు పక్క రాష్ట్రం ఆఫీసరు, గొంతు తగ్గించి.

"మళ్ళీ ఇక్కడ మూడు వందలు ఎప్పుడైంది?"

"'పాపని తీసుకొచ్చాను' అన్న రోజున."

కమిటీ పెద్ద రిజిస్టరు లాక్కుని 'పాప' అన్న చోటల్లా ఎర్ర గీత గీశాడు.

"సార్, అది గొట్టాల వల్ల సార్" అన్నాడు రీడింగు.

"రికార్డులో గొట్టం ఎక్కడుందయ్యా? చూపించు."

రీడింగు పేజీలన్నీ తిరగేశాడు. గొట్టం అన్న మాట ఒక్కచోటా లేదు. తన చేతిరాతను చూసి తనకే ఒళ్ళు మండింది.

మంత్రులిద్దరూ కౌగలించుకుని పత్రికలవాళ్ళకి సంయుక్తంగా ప్రకటించారు. కారణం దొరికింది. దాని వయసు ఏడేళ్ళు. ఏ రాష్ట్రం తప్పూ లేదు. పాప ఇకమీదట సరిహద్దు దాటరాదు. మీటరు డాబా మీద నుంచి దిగి పాప మంచం పక్కకి చేరుతుంది.

మీటరు ప్రారంభానికి మంత్రిగారు స్వయంగా రీడింగు ఇంటికి వచ్చారు. వెనక కెమెరాలు, కమిటీ, పూలగుత్తి. ముల్లు మూడు వందల మీద ఉంది.

"చూడమ్మా, నువ్వు కాస్త సాయం చెయ్యాలి మాకు" అన్నారు మంత్రిగారు బుజ్జగింపుగా.

పాప తండ్రి మొహం చూసింది. కాసేపు ఆలోచించింది. బుగ్గలు పూరించి ఊపిరి బిగబట్టింది.

పాప మొహం ఎర్రబడింది. పెదాలు నీలంగా మారుతున్నాయి. ముల్లు వెంట్రుకవాసి కదల్లేదు.

"తగ్గిందా?" అన్నారు మంత్రిగారు.

"తగ్గింది సార్" అన్నాడు రీడింగు గబగబా. "నలభై సార్. ఇక చాలమ్మా, వదిలెయ్యి తల్లీ."

అందరూ చప్పట్లు కొట్టారు.

"భేష్" అన్నారు మంత్రిగారు లేస్తూ. "రోజుకి మూడుసార్లు చేయించండి."