రెండంగుళాలు తీసేసి

ఆ మంగళవారం పొద్దున గుడ్లాయన వేసుకున్న పథకం పెద్దదేమీ కాదు. ఎనిమిదింటికి షెడ్డులో ముప్పైయారు ట్రేల గుడ్లు బండికెక్కించాలి, తొమ్మిదికల్లా బేకరీలో దించాలి, ఒక్క గుడ్డు కూడా పగలకూడదు. ఈ చివరి ముక్క ఆయనది కాదు, బేకరీ యజమానురాలిది. వీధి చివర స్పీడ్ బ్రేకర్ మీద ఆయన పికప్ బండి కడుపు ప్రతిసారీ గర్రుమని రాసుకునేది. ఆ కుదుపుకి ట్రేకి రెండు మూడు గుడ్లు చిట్లేవి. "మంగళవారం ఒక్కటి పగిలినా నేను వేరేవాళ్ళని చూసుకుంటానండీ," అని ఆవిడ నవ్వుతూనే చెప్పింది. ఆయన అమ్మే గుడ్లలో సగం ఆ బేకరీకే పోతాయి.

అందుకే ఆదివారం ఆయన బండిని ఎత్తు చేయించాడు. "లిఫ్ట్ కిట్టు పెట్టిస్తున్నా," అని ఇంట్లో చెప్పగానే తల్లి కంగారుపడింది.

"ఉన్నది ఒక్క అంతస్తు. లిఫ్టెక్కి ఎక్కడికి పోతాంరా?"

"ఇంటికి కాదమ్మా, బండికి."

"బండికి లిఫ్టా? అదెక్కడికి పోతుంది?"

"ఎక్కడికీ పోదు. నేల మీంచి కాస్త లేస్తుంది."

"లేచి?"

"లేచి అలాగే ఉంటుంది."

"దీనికి డబ్బులు కూడా తీసుకుంటారా?" అంది తల్లి.

మెకానిక్ రెండు రకాల కిట్లు చూపించాడు. "రెండంగుళాలది మెత్తగా ఉంటుందన్నా. సరుకు మోసే బండికి, ఆ స్పీడ్ బ్రేకర్‌కి అది చాలు. నాలుగంగుళాలది బిర్రుగా ఉంటుంది."

"రెండంగుళాలు ఎవడికి కనబడుతుంది బావా?" అన్నాడు బావమరిది. "పెట్టిస్తే నాలుగు పెట్టించు. వీధిలో దిగితే జనం తలెత్తి చూడాలి." బావమరిదికి బండి లేదు. ఊళ్ళో ఉన్న ప్రతి బండి గురించీ అభిప్రాయం మాత్రం ఉంది.

"ఎన్నయినా సరే, ముందు షెడ్డు ద్వారం కొలుచుకోండి," అన్నాడు మెకానిక్. "పైనున్న ఇనప చట్రంతో కలిపి బండి ఇప్పుడు ఎనభై అంగుళాలుంది. నేనే కొలిచాను."

గుడ్లాయన భార్య ఇంట్లోనే బట్టలు కుడుతుంది. ఆమె మెషిను మీద వేలాడుతున్న టేపు తీసుకుని ఆయన స్టూలెక్కాడు. అరవై అంగుళాల టేపది. నేల నుంచి పైకి లాగితే ఒక టేపు నిండింది. అక్కడ సుద్దముక్కతో గీత పెట్టి, గీత నుంచి పైనున్న ఇనప దూలం దాకా మళ్ళీ లాగితే ఇరవై ఏడు వచ్చింది. మొత్తం ఎనభై ఏడు. ఎనభైకి నాలుగు కలిపితే ఎనభై నాలుగు. ఇంకా మూడంగుళాలు మిగులు. లెక్కలో ఎక్కడా తప్పు లేదు.

"నాలుగే బిగించు," అన్నాడు గుడ్లాయన.

ఆదివారం వాన. తడవకుండా పని చేసుకుందామని మెకానిక్ బండిని షెడ్డులోకి తోయించి, అక్కడే జాకీలు పెట్టి, అక్కడే బిగించాడు. సాయంత్రానికి బండి కొత్త చెప్పులు తొడుక్కున్న పిల్లాడిలా బిగుసుకుని నిలబడింది. గుడ్లాయన దాని చుట్టూ మూడుసార్లు తిరిగాడు. సోమవారం కూడా వాన కావడంతో దాన్ని బయటికి తీసే పనే పడలేదు.

మంగళవారం ఎనిమిదింటికి ఆయన ట్రేలెక్కించే ముందు బండిని కాస్త ముందుకు జరుపుదామని స్టార్ట్ చేశాడు. ముందు భాగం ద్వారం దాటింది. తర్వాత ఠంగుమని మోగింది. చట్రం ముందువైపు ఏటవాలుగా ఉండటంతో అది దూలం కిందకి దూరి, అక్కడే ఇరుక్కుపోయింది. బండి ముందుకు రాదు, వెనక్కి పోదు. ఉన్న ఒక్క ద్వారానికి బిరడాలా బిగుసుకుంది. గుడ్లన్నీ దాని వెనక ఉన్నాయి. పక్కనున్న సందులోంచి మనిషి ఒరుసుకుంటూ దూరగలడు, ట్రే దూరదు.

చప్పుడు విని భార్య వచ్చింది. మెడలో టేపు వేలాడుతోంది. వెనకాలే, ఒక్క చెయ్యి మాత్రమే కుట్టిన జాకెట్టుతో, కొలత చూసుకోవడానికొచ్చిన టీచరమ్మ, ఆవిడ కోసం కాచుకుని కూర్చున్న ఆవిడ భర్త బ్యాంకు గుమాస్తా కూడా వచ్చారు.

"ఎనభై ఏడు ఉందే! మూడంగుళాలు మిగలాలే!" అన్నాడు గుడ్లాయన.

"దేంతో కొలిచారు?"

ఆయన ఆమె మెడ వైపు చూపించాడు.

"ఖర్మ," అంది భార్య. "దీనికి మొదటి రెండంగుళాలు లేవండీ. ఎప్పుడో కత్తెరలో పడి తెగిపోయాయి. నేను కొలిచి, రెండు తీసేసి రాసుకుంటాను."

"ఆ ముక్క నాకు చెప్పలేదే!"

"మీరు నన్నడిగి తీసుకెళ్ళారా?"

బ్యాంకు గుమాస్తా వేళ్ళ మీద లెక్క వేశాడు. "రెండుసార్లు లాగారు గదా. రెండూ రెండూ నాలుగు. అంటే ద్వారం ఎనభై మూడే. ఒక్కంగుళం తక్కువ." అంకె తేలినందుకు ఆయనొక్కడికే తృప్తిగా ఉంది.

బోల్టులు ఇంకోసారి బిగిద్దామని అప్పుడే వచ్చిన మెకానిక్, తన పనితనం వైపు చూసి నెత్తిన చెయ్యి పెట్టుకున్నాడు. "టైర్ల గాలి తీసేద్దాం," అన్నాడు బావమరిది.

"తీస్తావు. మళ్ళీ కొట్టేదెవరు? పంపు నా షాపులో ఉంది. తెచ్చేసరికి పది దాటుతుంది," అన్నాడు మెకానిక్.

ఎనిమిదిన్నర అయింది. గుడ్లాయన గడియారం కేసి చూడటం మానేసి గుడ్ల కేసి చూడసాగాడు.

అప్పటిదాకా గుమ్మంలో కూర్చుని అంతా వింటున్న తల్లి లేచింది. "నేను కూర్చుంటే మంచం కుంగుతుంది. బండి కుంగదా?"

"అమ్మా, అది మంచం కాదు."

"తప్పుకో," అని ఆవిడ సందులోంచి దూరి, స్టూలేసుకుని బండెక్కింది. బండి కిర్రుమంది. మెకానిక్ దూలం కింద వేలు పెట్టి చూశాడు. "కుంగిందన్నా! ఇంకో అయిదుగురు కావాలి!"

భార్య ఎక్కింది. బావమరిది ఎక్కాడు. మెకానిక్ ఎక్కాడు. "జాకెట్టు ఇవాళే కావాలంటే ఎక్కాలి," అని భార్య అనడంతో టీచరమ్మ ఎక్కింది. గుమాస్తా దంపతుల మధ్య ఇలాంటి విషయాల్లో చర్చ ఉండదు, ఆయనా ఎక్కాడు. ఆరుగురు కూర్చునేసరికి ట్రేలకు చోటు లేకుండా పోయింది. అందుకని తలా ఆరు ట్రేలు ఒళ్ళో పేర్చుకున్నారు. గడ్డాలు పై ట్రేకి ఆనాయి.

"కదలనీ!"

చట్రం దూలాన్ని గీసుకుంటూ, రంగు పోగొట్టుకుంటూ, బండి వెలుతుర్లోకి వచ్చింది.

"ఆపరా, దిగుతాం," అంది తల్లి.

"ఆపకండి!" అంది భార్య. "తొమ్మిదికి పది నిమిషాలే ఉంది. దిగి, ట్రేలు సర్దే టైమెక్కడిది?"

స్పీడ్ బ్రేకర్ వచ్చింది. బండి కడుపు దాన్ని తాకనే లేదు. "చూశారా! తగల్లేదు!" అని గుడ్లాయన ముందు నుంచి కేకేశాడు. ఆ కేక వెనక వాళ్ళకి గాల్లో ఉండగా వినబడింది. నాలుగంగుళాల కిట్టులోని బిర్రు స్ప్రింగులు వాళ్ళని ఒక్కసారి ఎగరేసి మళ్ళీ కూర్చోబెట్టాయి. మనుషుల నడుములు ఆ దెబ్బ తిన్నాయి. గుడ్లకి తెలియనివ్వలేదు.

"ఎవడ్రా దీన్ని బిగించింది?" అంది తల్లి.

"నేనేనమ్మా," అన్నాడు పక్కనే మెకానిక్, ట్రేల వెనక నుంచి. "రెండే చాలన్నాను, వింటేనా?"

తొమ్మిదికి రెండు నిమిషాలుండగా బేకరీ చేరారు. యజమానురాలు ఒక్కో ట్రే ఎత్తి చూసింది, కింద తడి ఉందేమోనని వేలితో తడిమింది. ముప్పైయారూ చూసింది. ఒక్కటీ చిట్లలేదు.

"ఎలా తెచ్చారండీ?" అంది.

గుడ్లాయన ఛాతీ విరిచాడు. "లిఫ్ట్ కిట్టు మేడమ్. నాలుగంగుళాలు లేపించాను. నీళ్ళ మీద పడవలా వచ్చేసింది."

బండి మీంచి ఆరుగురు నడుములు పట్టుకుని ఒకరి తర్వాత ఒకరు దిగుతున్నారు. టీచరమ్మ రెండో భుజానికి గుండుసూదులు మెరుస్తున్నాయి. భార్య ఆఖర్న దిగి, మెడలో టేపు సర్దుకుంది.

"ఈయన మాట విన్నాక కూడా రెండు తీసేసుకోవాలండీ," అంది. "మేం ఒళ్ళో పెట్టుకుని తెచ్చాం."

యజమానురాలు ఆరుగుర్నీ చూసింది, బండిని చూసింది, గుడ్లాయనని ఆఖర్న చూసింది. "పసిపిల్లల్లా ఒళ్ళో పెట్టుకుని తెచ్చేవాళ్ళని నేను వదులుకోను. రేపట్నుంచి రోజూ ఇలాగే తెండి."

"రోజూనా?" అన్నారు ఆరుగురూ.

ఇంటికొచ్చాక ఖాళీ బండి షెడ్డులోకి పోలేదు. ఆ మధ్యాహ్నమే మెకానిక్ నాలుగంగుళాల కిట్టు విప్పి రెండంగుళాలది బిగించాడు. వాన మళ్ళీ మొదలైంది గానీ, ఈసారి బండిని మాత్రం బయటే నిలబెట్టుకున్నాడు.