పటేల్ నెత్తురు

"పిచ్చి నెత్తురులో పుడుతుంది, నెత్తురులో పెరుగుతుంది, తరం నుంచి తరానికి ఆస్తిలాగే ముడుతుంది! మిగతావన్నీ మూర్ఖుల మాటలు!"

ఇబ్రహీంపట్నం చావడిలో ఈ మాట ప్రకటించినవారు పట్నం నుంచి దిగిన సర్కారు డాక్టర్ సాబు. ఆయన ఉర్దూను తెలుగు చేసి జనానికి వినిపించే మున్షీని నేను, ఖాసీంను. నిజాం సర్కారులో ఉర్దూ పైనుంచి కిందికి పారేది, తెలుగు కిందే ఉండేది. మధ్యలో తడిసేవాణ్ణి నేను.

డాక్టర్ సాబు ఎదుట కూర్చున్నది కాశయ్య. ఏడాదిగా అతనికి ఎవరివో మాటలు వినిపిస్తున్నాయి. దగ్గర ఎవరూ ఉండరు, అతను మాత్రం చెవులు మూసుకుని "వస్తున్న దొరా, వస్తున్న" అంటాడు. ఇందులో నవ్వడానికి ఏమీ లేదు. ఆ మాటలు ఆగేదాకా అతని భార్య రుక్కమ్మ అన్నం ముద్ద చేతిలో పట్టుకుని కూర్చునేది.

డాక్టర్‌ను పిలిపించింది ఊళ్లో శిస్తు వసూలు చేసే మాలీ పటేల్ పెంటయ్య. ఎంత దయ! జబ్బు నెత్తురుదని తేలితే కాశయ్య బతికినంతకాలం పట్నం పిచ్చి దవాఖానలో ఉంటాడు. అతని తరి మడి, అంటే నీళ్లు పారే వరి పొలం, పటేల్ సంరక్షణలోకి వస్తుంది. పటేల్ సంరక్షణలోకి పోయిన మడి మళ్లీ సొంతదారు మొహం చూసిన దాఖలా మా ఊళ్లో లేదు.

డాక్టర్ సాబు పటకారులాంటి ఇనుప సామాను తీసి కాశయ్య తల కొలిచారు.

"చూశారా! నుదురు ఇరుకు!"

నా నుదురూ అంతే. నేను టోపీ కాస్త పైకి జరుపుకున్నాను.

"నిరుటిదాంక మంచిగనే ఉండె గద సాబూ," అంది రుక్కమ్మ. "అప్పుడు గీ నెత్తురు ఏడికి పోయింది?"

"నిద్రపోయింది!"

"మరి ఎవలు లేపిండ్రు?"

ఈ ప్రశ్న శాస్త్రంలో లేదు కాబట్టి డాక్టర్ సాబుకు వినిపించలేదు.

"నెత్తురే సాబ్, నెత్తురే!" అన్నాడు పటేల్. "నాకు ముందుగాలనే ఎరుక."

వంశం విచారించడానికి కాశయ్య తల్లి పోశమ్మను పిలిచారు.

"ఎందరు కొడుకులు?"

"ఇద్దరు, కొడుకా."

"రెండోవాడు ఎవరు?"

"గీ పటేలే!"

డాక్టర్ సాబు పటేల్ వైపు తిరిగారు. విషయం ఇది. మా వైపు పుట్టిన పిల్లలు దక్కకపోతే, ఆ తర్వాత పుట్టినవాణ్ణి పెంట మీద పడుకోబెట్టి, చేటెడు తవుడు తీసుకుని పరాయి తల్లికి అమ్మేస్తారు. చావు వచ్చి వెతికినా ఆ ఇంట్లో బిడ్డ దొరకడన్నమాట. పెంటయ్య అనే పేరూ అందుకే. పటేల్ తల్లి అతన్ని పోశమ్మకే అమ్మింది.

పటేల్ నవ్వాడు. "గది ఆచారం సాబ్! తవుడుకు కొంటే నెత్తురు కలుస్తదా?"

"వట్టిగ కొనుడేనా?" అంది పోశమ్మ. "మీ అమ్మకు పాలు పడకపాయె. నడకలొచ్చేదాంక నా పాలే తాగినవ్. మా కాశిగానికి ఒక దిక్కు, నీకొక దిక్కు."

రుక్కమ్మ అమాయకంగా మొహం పెట్టింది. "సాబూ, పాలు దేంట్లకెంచి వస్తయి?"

డాక్టర్ సాబు కళ్లు మెరిశాయి. "నెత్తురులోంచే! నెత్తురు తెల్లబడితే పాలు! నా గ్రంథంలో రాశాను!"

ఆయన సిద్ధాంతం కోసం ప్రాణమిచ్చే రకం, అది పక్కవాడి ప్రాణమైనా సరే! పటకారు పటేల్ తలకు తగులుకుంది.

"ఇదీ ఇరుకే! ఇతనూ ఎప్పుడైనా, అందరూ తన మీద కుట్ర చేస్తున్నారని అంటాడా?"

"రోజు అంటడు!" అన్నారు జనం.

"ఇతరుల సొత్తు తనదే అనుకుంటాడా?"

"అనుకునుడేనా సాబూ, దున్నిపిస్తడు గుడ!"

"తానే రాజునని భ్రమపడతాడా?"

జనం తువ్వాళ్లు నోటికి అడ్డం పెట్టుకున్నారు. నవ్వు ఆపుకోవడమే కష్టంగా ఉంది.

"ఇద్దరినీ బండి ఎక్కించండి!" అన్నారు డాక్టర్ సాబు. "ఇద్దరి భూములూ సర్కారు సంరక్షణలోకి!"

పటేల్ మంచె మీది నుంచి పడ్డవాడిలా లేచాడు.

"నెత్తురు లేదు, పాలు లేవు! వాడు పుట్టుకతోని గిట్ల లేడు సాబ్! నిరుడు వెట్టికి రానన్నడని ఎండల వంగవెట్టి వీపు మీద బండ పెట్టిచ్చిన. పొద్దుగూకేదాంక దింపనియ్యలే. అప్పటిసంది గిట్లయిండు! నేనే జేసిన! ఊరంత చూసింది, అడుగుండ్రి!"

నా నౌకరీలో మొదటిసారి ఒక్క ముక్క కలపకుండా, ఒక్క ముక్క తీయకుండా ఉర్దూలో చెప్పాను. అతన్ని ఎండలో వంగబెట్టిన రోజు చూసిన ఊరిలో నేనూ ఉన్నాను.

డాక్టర్ సాబు మొహం వాడిపోయింది. "బండ గురించి నా గ్రంథంలో లేదే," అని సామాను పెట్టెలో సర్దుకున్నారు. నెత్తురులోనూ కొంత ఉందేమో, ఎవరికి తెలుసు? ఆ బండ మోసినవాళ్లు మా ఊళ్లో ఇంకా ఉన్నారు, వాళ్లందరికీ మాటలు వినిపించలేదు మరి. కానీ "తెలియదు" అనే ఒక్క మాట మాత్రం ఆయన నోట రాలేదు. నెత్తురు కాకపోతే ఈ కేసు తనది కాదన్నారు. ఏ కాగితం మీదా దస్తఖతు చేయకుండానే బండి ఎక్కారు.

కాశయ్య మెల్లగా చెవుల మీది నుంచి చేతులు తీశాడు. భార్య వైపు తిరిగాడు.

"గిప్పుడు పటేల్ మాట్లాడిండు గద? నీకు గుడ ఇనబడ్డదా?"

రుక్కమ్మ అతని చెయ్యి పట్టుకుని లేపింది.

"ఇనబడ్డది. ఈసారి అందరికి ఇనబడ్డది."