చక్రవర్తి చెంప మీద గాటు

యుద్ధకాలంలో బట్టల మీద పెట్టిన కంట్రోలు ఎత్తేశాక బెజవాడ బట్టల కొట్లన్నీ మళ్ళీ కళకళలాడుతున్న రోజులవి. ఆ సోమవారం ఉదయం వన్‌టౌన్‌లో చీరల కొట్టున్న భావనారాయణ వేసుకున్న పథకం చిన్నదే. భార్య నాగమల్లేశ్వరి కాసులపేరులో ఉన్న రోము నాణేన్ని పటమట తీసుకెళ్ళాలి. మద్రాసు నుంచి కూతురింటికి వచ్చి ఉన్న నాణేల పండితుడు వెంకటకృష్ణారావు గారికి చూపించి, అసలైనదేనని రెండు ముక్కలు రాయించుకోవాలి. పదకొండింటికల్లా వచ్చి కొట్టు తెరవాలి.

ఆ రెండు ముక్కలు అతనికి చాలా అవసరం. నాగమల్లేశ్వరి పుట్టింటివాళ్ళు తరతరాలుగా నేతగాళ్ళు. వాళ్ళ పూర్వులు ఓడలకెక్కించిన సన్నబట్టకు బదులుగా వచ్చిన బంగారు నాణెం అదని ఇంట్లో చెప్పుకుంటారు. ఆ మాట పట్టుకుని భావనారాయణ 'రోము చక్రవర్తులకు బట్టలమ్మిన వంశం' అని బారెడు బోర్డు రాయించి కొట్టుకు తగిలించేశాడు. ఎదురు కొట్టు రామకోటేశ్వరరావు అది చదివి, "రసీదుందా?" అని బజారంతా వినేలా అడిగాడు. అప్పట్నుంచి భావనారాయణకు అన్నం సహించడం లేదు.

జట్కాలో కూర్చుని నాణేన్ని మరోసారి చూసుకున్నాడు. చక్రవర్తి చెంప మీద అడ్డంగా పెద్ద గాటు. అది ఎప్పట్నుంచో ఉన్నదే. కానీ పండితుడి ముందు పెట్టాలంటే చిన్నతనంగా తోచింది. దారిలో సత్యాచారి ఇంటి ముందు జట్కా ఆపించాడు. బంగారప్పనిలో పేరున్నవాడు సత్యాచారి. గాటును కాస్త బంగారంతో పూడ్చి, నున్నగా అరగదీసి, మెరుగుపెట్టి ఇచ్చాడు. చక్రవర్తికి ఇరవయ్యేళ్ళు తగ్గినట్టయింది.

వెంకటకృష్ణారావు గారు భూతద్దం పెట్టి నాణేన్ని అటూ ఇటూ తిప్పి చూశారు.

"నకిలీదండీ," అన్నారు.

"ఏమిటీ?"

"అంచు చూడండి, అచ్చులో పోసిన గీత తెలుస్తోంది. అక్షరాలు కరిగినట్టున్నాయి. పైగా మన వైపు నేను చూసిన ఈ రకం నాణేల్లో చాలావాటికి మొహం మీద ఉలితో పెట్టిన గాటుంది. పాతకాలంలో పెట్టిందే. దీనికి అదీ లేదు."

మొదటి రెండు మాటలూ భావనారాయణ చెవికెక్కలేదు. మూడోది ఎక్కింది.

"గాటుందండీ! ఇందాకే పూడ్పించాను!"

"అందరూ అలాగే అంటారు."

"అందరూ అంటే ఎవరండీ? చక్రవర్తి చెంపలు పూడ్పించుకున్నవాళ్ళు ఈ ఊళ్ళో ఇంకెంతమంది ఉన్నారు?"

జవాబు కోసం ఆగకుండా మళ్ళీ జట్కా ఎక్కి, సత్యాచారి ముందు నాణేన్ని ఠంగుమని పడేశాడు.

"నీ పనితనం తగలెయ్య! గాటు మళ్ళీ పెట్టు!"

సత్యాచారికి ఒళ్ళు మండింది. "పొద్దున పూడ్చమంటిరి. ఇప్పుడు కొయ్యమంటిరి. నేను బంగారప్పని చేసేవాణ్ణా, దొండకాయలు తరిగేవాణ్ణా?"

అన్నాడే గాని ఉలి తీశాడు. కోపంలో సుత్తి దెబ్బ కాస్త గట్టిగా పడింది. పాత గాటు చెంప మీద మాత్రమే ఉండేది. కొత్తది నుదుటి దగ్గర మొదలై గడ్డం దాకా దిగింది. చక్రవర్తి ముక్కు రెండయింది.

రెండోసారి వెంకటకృష్ణారావు గారికి భూతద్దం అవసరం కాలేదు. వేలితో తడిమి, వేలికంటిన బంగారపు పొడిని భావనారాయణకు చూపించారు.

"ఇందాక నకిలీ నాణెం తెచ్చారు. ఇప్పుడు దానికి నకిలీ గాటు కూడా పెట్టించుకొచ్చారు. నలభయ్యేళ్ళుగా ఈ పనిలో ఉన్నాను, నా మొహం మీదే ఇంత మోసమా? పత్రికకు రాస్తానండీ, పేరుతో సహా!"

"రాయండి! ముందు మా ఇంటికొచ్చి, గాటుందో లేదో మా ఆవిణ్ణడిగి అప్పుడు రాయండి!"

దారిలో సాక్ష్యానికని సత్యాచారిని కూడా ఎక్కించుకున్నారు. ఒకే జట్కాలో ముగ్గురు మనుషులు మూడు వైపులకు మొహాలు తిప్పుకుని కూర్చున్నారు. బండి బజారులోంచి పోతుంటే రామకోటేశ్వరరావు చూశాడు. ఆ మొహాలు చూశాక అతనికి కొట్లో నిలవబుద్ధి కాలేదు. తలుపు దగ్గరగా వేసి వెనకాలే వచ్చాడు. అతన్ని చూసి ఇంకో పదిమంది వచ్చారు.

నాగమల్లేశ్వరి వసారాలో బియ్యం ఏరుతోంది. భర్త నాణెం ఆమె చేతిలో పెట్టాడు.

"అయ్యో, దీన్నిలా చేశారేంటండీ?"

"అది తర్వాత. పొద్దున నువ్విచ్చినప్పుడు దీనికి గాటుందా లేదా? ఇది నకిలీదంటున్న ఈ పెద్దమనిషికి చెప్పు."

"ఉందండీ. చెంప మీద."

"విన్నారా!" భావనారాయణ వీధిలోకి కూడా వినబడేలా అరిచాడు.

"కానీ ఆయనన్నదీ నిజమేనండీ. ఇది నకిలీదే."

గుమ్మం దగ్గర చేరినవాళ్ళు ఇంకో అడుగు లోపలికి వేశారు.

"నా చెవికమ్మలు బాగుచేయించుకొస్తానని తీసుకెళ్ళి, రైల్లో వదిలేసి వచ్చారు గుర్తుందా? ఆ మర్నాడే మా అన్నయ్య చేత బందర్లో దీన్ని పోయించాను. అసలుదాని అచ్చు తీశారు గనక గాటు కూడా పడింది. మీరు ఎప్పుడైనా నాణెం అడిగితే ఇవ్వడానికి ఇది. అసలుది నా మంగళసూత్రాల్లో ఉంది."

"నాతో చెప్పొద్దూ?" అన్నాడు భావనారాయణ. రెండు రోజులుగా తను ఎవరి పరువు కోసం మండిపడుతున్నాడో అతనికే అంతుబట్టలేదు.

"చెబితే అసలుదే అడిగేవారు."

గుమ్మం దగ్గర్నుంచి రామకోటేశ్వరరావు, "అయితే బోర్డు దింపుతారామ్మా?" అన్నాడు.

"ఎందుకు దింపాలండీ? అందులో అబద్ధమేముంది?" అంటూ నాగమల్లేశ్వరి విసురుగా పైట సర్దుకుంది. ఆ ఒక్క క్షణంలో పసుపుతాడు పక్కన పాత బంగారపు అంచు, దాని మీద అరిగిపోయిన గాటు తళుక్కుమన్నాయి.

వెంకటకృష్ణారావు గారు భూతద్దంతో సహా లేచి నిలబడ్డారు.

భావనారాయణ మధ్యలోకి ఉరికాడు. "కూర్చోండి! ఏమిటండీ ఆ చూపు?"

"నేను నాణేన్ని చూస్తున్నానండీ!"

"నా భార్య మెడలో ఉన్నంతసేపూ అది నాణెం కాదు!"

పండితుడి గొంతు మొదటిసారిగా మెత్తబడింది. "అమ్మా, ఒక్క నిమిషం తీసి చూపిస్తే చాలు. అసలైనదని నేనే రాసిస్తాను."

"రాసిచ్చేదేంటండీ?" నాగమల్లేశ్వరికి నిజంగా కోపమొచ్చింది. "మా అమ్మమ్మ మెడలో, మా అమ్మ మెడలో ఉండి నా దగ్గరికొచ్చింది. అది అసలుదో కాదో చెప్పడానికి మీరెవరు? రేపు కాదంటే తీసి పారేస్తానా? ఎండన పడి వచ్చారు, కాఫీ తాగి వెళ్ళండి బాబాయిగారూ."

ఆయన కాఫీ తాగారు. జట్కా ఎక్కాక జేబులోంచి నోటుపుస్తకం తీసి ఆనాటి తేదీ కింద రాసుకున్నారు: 'బెజవాడలో నకిలీ నాణేన్ని రెండుసార్లు క్షుణ్ణంగా పరీక్షించాను. అసలైనది చూస్తుంటే కూర్చోమన్నారు.'