కాన్పుకు తోడెందుకండీ, దండగ

కాన్పు నొప్పులు పడే ఆడమనిషి పక్కన ఎవ్వరూ ఉండకూడదు. ఉంటే ఆమె పాడైపోతుంది. ఇవాళ కాన్పుకు తోడు అంటుంది, రేపు జ్వరానికి తోడు అంటుంది, ఎల్లుండి ఊరికే కూర్చోవడానికి కూడా తోడు కావాలంటుంది!

ఈ మాట నేను గాలిలోంచి తీసి చెప్పడం లేదు. ఎమ్మిగనూరు నుంచి ఆదోనికి పోయే రోడ్డు దిగి, లోపలికి రెండు మైళ్ళు పోతే వచ్చే ఊళ్ళో మద్దిలేటి అనే రైతు ఉన్నాడు. ఆయన ఇంటి పంచలో పెద్దలు మూడు సాయంత్రాలు కూర్చుని, అటూ ఇటూ ఆలోచించి తేల్చిన సంగతి ఇది. పెద్దలంటే మద్దిలేటి, వాళ్ళమ్మ అంజినమ్మ, పక్కింటి శేషన్న. కాన్పు కావలసింది మద్దిలేటి భార్య మహాదేవికి. ఆమెను మాత్రం సభకు పిలవలేదు. తొమ్మిదో నెల మనిషికి ఆలోచనల శ్రమ ఎందుకు? పైగా ఆమె లోపల టీ పెడుతోంది.

అసలు ఈ సభ అవసరం రావడానికి కారణం మహాదేవి చెల్లెలు మంజుల. ఆ పిల్ల బెంగళూరులో ఒక అపార్ట్‌మెంట్‌లో చంటిబిడ్డను చూసుకునే పని చేస్తుంది. ఆ ఇంటి మేడమ్ కాన్పుకు ఒక మనిషిని కుదుర్చుకుందట. ఆ మనిషిని డౌలా అంటారట. అక్కకు కూడా అలాంటి మనిషి ఉంటే బాగుంటుందని మంజుల ఫోన్ చేసింది. మద్దిలేటి ఫోన్ స్పీకర్లో పెట్టాడు.

"ఏం సేస్తాదంట ఆయమ్మ?"

"పక్కన కూసుంటాది బావా."

"కూసోని?"

"చెయ్యి పట్టుకుంటాది. నడుము రుద్దుతాది. నీళ్ళు తాపుతాది. ఏం కాదులే, నేనుండా అని సెప్తా ఉంటాది."

"సూది ఏస్తాదా?"

"ల్యా బావా."

"బొడ్డు కోస్తాదా?"

"ల్యా. అయన్నీ డాక్టరమ్మ సూసుకుంటాది."

"అట్లయితే ఆయమ్మ పనేంది?"

మంజుల మళ్ళీ మొదటినుంచి చెప్పింది. మద్దిలేటికి మళ్ళీ అర్థం కాలేదు. న్యాయమే కదా! ఎద్దును కడితే అది మడక లాగి చేను దున్నుతుంది. మోటారు వేస్తే నీళ్ళు వస్తాయి. పక్కన కూర్చోవడం కూడా ఒక పనేనా? అలా అయితే మన రచ్చబండల మీద ఎంతమంది ఉద్యోగస్తులున్నట్టు?

బెంగళూరు దాకా పోనక్కర్లేదని కూడా ఆ పిల్లే చెప్పింది. ఎమ్మిగనూరులో సంతోషమ్మ అని ఒకామె ఉంది. పద్దెనిమిదేళ్ళు ఆసుపత్రిలో ఆయాగా చేసి మానేసింది. ఎవరైనా పిలిస్తే కాన్పుకు తోడుగా వస్తుంది. డాక్టర్లకు తెలిసిన మనిషి కాబట్టి లోపలికి రానిస్తారు. డౌలా అనే పేరు ఆమెకు తెలియదు కానీ, చేసేది అదే.

మామూలుగా అయితే ఈ తిప్పలు ఉండవు. పురుడు పుట్టింటివాళ్ళు పోస్తారు. కానీ మహాదేవి పుట్టింటివాళ్ళు మిరపకాయల సుగ్గికి, అంటే కోత కూలికి, గుంటూరు దిక్కు పోయారు. తల్లి, మేనత్త, వదిన అందరూ ఒకే లారీలో ఎక్కారు. మిరపకోతలు అయ్యేదాకా ఎవరూ రారు. ఇంటికి తాళం వేసి ఉంది. తాళంకప్ప పురుడు పోస్తుందా?

మహాదేవి అడిగింది ఒక్కటే. అదీ గట్టిగా అడగలేదు, రొట్టె తడుతూ తడుతూ అంది. "ఆ గదిలోకి మళ్ళా ఒక్కదాన్నే పోను."

ఆ గది ఏమిటంటే, మొదటి కాన్పయిన గది. ఏ ఆసుపత్రి అని అడక్కండి, వాళ్ళ వాచ్‌మన్ నాకు బాగా కావలసినవాడు. పొద్దున ఎనిమిదికి మహాదేవి లోపలికి పోయింది. మధ్యాహ్నం మూడింటికి పాప పుట్టింది. ఆ ఏడు గంటల్లో ఆమెతో మనుషులు మాట్లాడిన మాటలు రెండు. ఒకటి, "అరవొద్దు". రెండోది, "ఇంకా టైముంది".

నిదానంగా ఆలోచించండి. ఆ మహాదేవికి ఇంట్లో ఏడు నిమిషాలు ఒంటరిగా కూర్చునే భాగ్యం ఉందా? అక్కడ ఏడు గంటలు! అత్త పిలవదు, కొట్టంలో ఎనుము అరవదు, పొయ్యి పొంగదు. పైన ఫ్యాన్ తిరుగుతుంది. పట్టుకోవడానికి చెయ్యి కావాలంటారా? మంచానికి ఇనుప కమ్మీ ఉంది. అది గట్టిగా ఉంటుంది. ఎంతసేపు పట్టుకున్నా నొప్పి అనదు, విసుక్కోదు, టీకి పోయి వస్తానని లేచిపోదు. ఆ కమ్మీ చల్లదనం ఇప్పటికీ అరచేతుల్లో ఉందని మహాదేవి అంటుంది. మన ఎండలకు అది మంచిదే కదా.

ఇక సభ సంగతి. మొదట అంజినమ్మ తన అనుభవం చెప్పింది.

"ఈణ్ణి నేను జొన్నసేన్లో కన్నా. తోడెవురుండారు నాకు? కనినాను, కొడవలితో బొడ్డు కోసుకున్నాను, మిగిలిన సాలు కోసి ఇంటికొచ్చినా."

ఇది మొదటి సాయంత్రం లెక్క. రెండో సాయంత్రానికి ఆ సాలు అరెకరం అయింది. మూడో సాయంత్రం ఆమె చేను మొత్తం కోసి, బండికెత్తి, బిడ్డను బండి మీద పడుకోబెట్టి తోలుకొచ్చింది. సభ నాలుగో రోజు కూడా జరిగి ఉంటే పత్తికొండ దాకా కోసేసేది.

తర్వాత శేషన్న లేచాడు. ప్రభుత్వం ఇంతమందిని ఇచ్చిన తర్వాత ఇంకో మనిషి ఎందుకని ఆయన ప్రశ్న. ఆశా కార్యకర్త ఉంది, వారం వారం వచ్చి ఆధార్ కార్డు అడుగుతుంది. అంగన్‌వాడీ టీచర్ ఉంది, గుడ్లు ఇచ్చి ఫోటో తీసుకుంటుంది. 108 డ్రైవర్ ఉన్నాడు, ప్రతి గుంతకూ ముందు "అమ్మా, గట్టిగా పట్టుకో" అంటాడు. ఆదోని రోడ్డు మీద ఇది ఎంత ఓదార్పో పోయినవాళ్ళకు తెలుసు. ఇవి చాలక వీధిలో ఆడవాళ్ళు రోజూ ధైర్యం చెప్పిపోతున్నారు. ఒకామె తన మేనకోడలికి కాన్పులో ఏమైందో చెప్పింది. ఇంకొకామె అంతకన్నా ఘోరమైనది చెప్పింది. మహాదేవి రెండు రోజులు అన్నం తినలేదు. అంత ధైర్యం ఒక్కసారిగా ఒంటికి పట్టదు మరి.

మూడో సాయంత్రం దీపాలు పెట్టకముందే తీర్మానం అయిపోయింది. డౌలా అక్కర్లేదు. మహాదేవి లోపలినుంచి ఏమీ అనలేదు. ఒప్పుకుందని అందరూ అనుకున్నారు.

అప్పుడే హాలహర్వి నుంచి తిక్కయ్య అనే రైతు బండి మీద దిగాడు. ఆయన ఎనుము నిండు చూలుతో ఉంది, ఈ నెలలోనే ఈనుతుంది. ముందుగానే మద్దిలేటిని కుదుర్చుకుని పోదామని వచ్చాడు.

ఇక్కడ మద్దిలేటి గొప్పతనం మీకు చెప్పాలి. చుట్టుపక్కల ఎక్కడ ఎనుము ఈనుతున్నా మద్దిలేటి పక్కన ఉండాలి. ఆయన పోతే ఎనుము కుదుటపడుతుంది. పొరుగు మండలాల నుంచి కూడా బండ్లేసుకొచ్చి పిలుచుకుపోతారు. తిక్కయ్య ఇంకా కూర్చోకముందే మద్దిలేటి జాగ్రత్తలు మొదలుపెట్టాడు.

"దాన్ని ఒంటిగా ఇడవొద్దు తిక్కయ్యా. ఒక్క గడియ కూడా ఇడవొద్దు. దాని ముందర గట్టిగా మాట్లాడొద్దు. కొత్తోళ్ళను రానియ్యొద్దు, బెదురుతాది. బెల్లంనీళ్ళు గోరెచ్చగా పెట్టు. వీపు రుద్దుతా ఉండు."

"సరే అన్నా."

శేషన్నకు అనుమానం వచ్చింది. "నువ్వు ఆడికి పోయి సూది గీది ఏస్తావా మద్దిలేటీ?"

"ల్యా. దానికి పశువుల డాక్టరుండాడు కదా."

"మరి ఏం సేస్తావు?"

"పక్కన కూసుంటా."

"కూసోని?"

"మాట్లాడతా ఉంటా. ఏం కాదులే, నేనుండా అంటా. నోరులేని జీవి, పక్కన మనిషుంటే దానికి ధైర్యం. ఈనేదాన్ని ఒంటిగా ఇడిసిపెడితే పాపం తగులుతాదన్నా."

శేషన్న తల ఊపాడు. అంజినమ్మ కూడా ఊపింది. ఎవరు కాదంటారు? ఎంత దయగల మాట!

తిక్కయ్యకు ఉత్సాహం వచ్చింది. "ఒక తూరి అన్నకు రానీకె కాలేదు శేషన్నా. యాడో పనిలో చిక్కుకోనుండె. ఎనుము తన్నుకులాడతాంది. నాకేం తోచల్యా. అన్నకు ఫోన్ కొట్టి దాని సెవి కాడ పెట్టినా. అన్న రెండు గంటలు మాట్లాడినాడు. 'హో తల్లీ, హో, నేనీడనే ఉండా' అంటా. అది ఫోన్ దిక్కే సూస్తా ఈనింది."

ఈ కథ మద్దిలేటి నలుగురిలో చెప్పుకునేదే. కానీ ఇంట్లో ఎప్పుడూ చెప్పలేదు. టీ గ్లాసులు పట్టుకుని గడప దాటుతున్న మహాదేవి ఆగింది.

"అది ఏ దినం తిక్కయ్యన్నా?"

"కైరుప్పల జాతరలో పిడకలతో కొట్టుకుంటారు సూడు, ఉగాదైనంక, దాని మరుదినం. ఈ ఉగాదికి మూడేండ్లు."

"మా పాప పుట్టిన దినం," అంది మహాదేవి, మద్దిలేటి చేతికి గ్లాసు ఇస్తూ.

మద్దిలేటి గ్లాసులోకి చూశాడు. టీలో ఏమీ లేదు. అయినా చూస్తూనే ఉన్నాడు. ఆ రోజు ఆయన చిక్కుకున్న పని ఏమిటంటే, ఆసుపత్రి గేటు బయట వేపచెట్టు కింద నిలబడి ఉండడం. గోడకు అవతల మహాదేవి కమ్మీ పట్టుకుని ఉంది. ఇవతల ఆయన హాలహర్వి ఎనుముతో రెండు గంటలు మాట్లాడాడు.

మహాదేవి మిగిలిన గ్లాసులు కూడా ఇచ్చింది. అప్పుడు సభ తీర్మానం గురించి మొదటిసారి నోరు విప్పింది.

"నాకు డౌలా వద్దు."

అందరూ ఊపిరి పీల్చుకున్నారు. తీర్మానం ఏకగ్రీవం!

"నాకొక తిక్కయ్య కావాల."

తిక్కయ్య టీ ఒలకబోసుకున్నాడు.

"నేను నొప్పులు పడేటప్పుడు ఈయనకు ఫోన్ కొట్టి నా సెవి కాడ పెట్టే మనిషి కావాల. ఎనుముకు ఉండాడు. నాకు ల్యాడు."

అంజినమ్మ నొచ్చుకుంది. "ఏందే అది, ఎనుముతో సరి పోల్సుకుంటావు?"

"సరి యాడ అత్తా? సరి అయితే నాకింగేం కావాల."

శేషన్నకు ఇంట్లో పని గుర్తొచ్చింది. మద్దిలేటి లేచి, చొక్కా తగిలించుకుని, ఎమ్మిగనూరు దిక్కు బండి తిప్పాడు. సంతోషమ్మను కుదుర్చుకుని వచ్చాడు. డౌలాగా కాదు, ఆ మాట ఎవరూ అనకూడదు. ఫోన్ పట్టుకునే మనిషిగా. సభ తీర్మానం సభ తీర్మానంగానే ఉంది.

తర్వాత పన్నెండు రోజులకు పొద్దున్నే మహాదేవికి నొప్పులు వచ్చాయి. 108 వచ్చింది. డ్రైవర్ గుంత గుంతకూ ఓదార్చాడు. అదే ఆసుపత్రి, అదే గేటు, అదే వాచ్‌మన్. మగవాళ్ళు లోపలికి రాకూడదన్నాడు. మద్దిలేటి మళ్ళీ వేపచెట్టు కిందికి పోయాడు. సంతోషమ్మ లోపలికి పోయింది. ఈ ఫోన్ పట్టుకునే మనిషి ఏం చేస్తుందో చూద్దామని అంజినమ్మ కూడా పోయింది. ఐదు నిమిషాల్లో గోడ పట్టుకుని బయటికొచ్చి బెంచీ మీద పడుకుంది. కళ్ళు తిరిగాయట.

"జొన్నసేన్లో అయితే గాలి బాగుండె," అంది.

పది గంటలకు మద్దిలేటి ఫోన్ మోగింది. "మాట్లాడప్పా, సెవి కాడ పెట్టినా," అంది సంతోషమ్మ.

మద్దిలేటి ఫోన్ చెవికి ఆనించుకున్నాడు. ఏం మాట్లాడాలి? పెళ్ళయి ఆరేళ్ళు. భార్యతో మాట్లాడిన మాటలన్నీ గడ్డి, తాడు, మజ్జిగ, పాపకు చెప్పులు. ఫోన్‌లో మహాదేవి ఊపిరి వినిపిస్తోంది. పండ్లు బిగబట్టిన ఊపిరి. మూడేళ్ళ కిందట అది గోడకు అవతలే ఉంది, తను వినలేదు.

"ఏం సెప్పల్ల సంతోషమ్మా?"

లోపల ఏదో గుసగుస. మళ్ళీ సంతోషమ్మ గొంతు. "తిక్కయ్య ఎనుముకు ఏం సెప్పినావో అదే సెప్పమంటాంది."

చెట్టు కింద పదిమంది మగవాళ్ళున్నారు. మద్దిలేటి గోడవైపు తిరిగాడు.

"హో... హో... త..." తల్లీ అనబోయి ఆగాడు. "మాదేవీ," అన్నాడు. ఆరేళ్ళలో పేరు పెట్టి పిలవడం అదే మొదలు. "ఈడనే ఉండా. యాడికీ పోను. నిదానం. ఏం కాదు. నేనుండా కదా."

అలా ఒక గంట, రెండు గంటలు. గొంతు బొంగురు పోయింది. ఎవరో నీళ్ళ సీసా ఇచ్చారు, తాగి మళ్ళీ మొదలుపెట్టాడు. పక్కన తెల్లచొక్కా కుర్రాడు, లోపల వాడి భార్య కూడా ఉంది, మెల్లగా దగ్గరికొచ్చాడు. "అన్నా, యాడ నేర్సుకున్యావు ఈ మాటలు?"

"ఎనుముల కాడ," అన్నాడు మద్దిలేటి, ఫోన్‌కు చెయ్యి అడ్డం పెట్టి.

లోపల సంతోషమ్మ ఒక చేత్తో మహాదేవి చెయ్యి పట్టుకుంది, ఇంకో చేత్తో ఫోన్ స్పీకర్లో పెట్టింది. పక్క మంచాల మీద ఇద్దరు ఆడవాళ్ళు ఉన్నారు, వాళ్ళ వెంట ఎవరూ లేరు. వాళ్ళు కూడా కమ్మీలు పట్టుకుని, అరవడం ఆపి, హాలహర్వి ఎనుముకు చెప్పిన మాటలు విన్నారట. ఒకామె ఏడ్చిందట కూడా. ఎందుకో మరి!

మధ్యలో ఇంకో ఫోన్ అడ్డం వచ్చింది. తిక్కయ్య. మద్దిలేటి కట్ చేశాడు. మళ్ళీ వచ్చింది. మళ్ళీ కట్ చేశాడు. ఒంటిగంట దాటాక లోపలినుంచి బిడ్డ ఏడుపు స్పీకర్లో వినిపించేదాకా ఆయన "ఈడనే ఉండా" అంటూనే ఉన్నాడు. బిడ్డ ఏడుపు విన్నాక కూడా రెండుసార్లు అన్నాడు.

కాబట్టి నేను మొదట చెప్పిన మాటకే కట్టుబడి ఉన్నాను. కాన్పు నొప్పులు పడే ఆడమనిషికి తోడు దండగ. గది ఉంది, ఫ్యాన్ ఉంది, కమ్మీ ఉంది. ఇన్నేళ్ళుగా ఎంతమంది కన్నారు, ఎవరైనా వచ్చి మనల్ని అడిగారా?

మీకు మాత్రం ఒక దిగులు ఉంటుందని నాకు తెలుసు. ఇందాకటినుంచి మీ మనసంతా అక్కడే ఉంది. ఫోన్ రెండుసార్లు కట్ చేశాడే, పాపం ఆ హాలహర్వి ఎనుము ఏమైందోనని.

దిగులు పడకండి. దాని పక్కన తిక్కయ్య ఉన్నాడు.