చెదపురుగులే మన వంశ గౌరవ రక్షకులు!

అయ్యలారా, అమ్మలారా! ఈ భూమ్మీద తక్షణం సన్మానం జరగవలసిన ప్రాణి ఏదైనా ఉందంటే అది చెదపురుగు. శాలువా కప్పితే శాలువానూ తినేస్తుందని నాకు తెలుసు. అయినా కప్పవలసిందే!

ఎందుకంటారా? మీ ముత్తాత ఎవరో, ఏం చేశాడో రాసి ఉన్న కాగితం ఒకటి ఎక్కడో ఒక పాత బీరువాలో ఉండే ఉంటుంది. అది మీ చేతికి చిక్కితే మీ పరువేం కాను? పెళ్లి సంబంధాలప్పుడు మీరు చెప్పుకునే గొప్పలేం కాను? చెదపురుగు తన డ్యూటీ తాను చేసుకుపోతోంది కాబట్టే మనమందరం గొప్ప వంశాల్లో పుట్టగలిగాం!

నమ్మరా? అయితే మా సర్పంచ్ అంజయ్యకు ఏం జరిగిందో వినండి.

మా ఊరు మొయినాబాద్‌కూ చేవెళ్లకూ మధ్యన ఉంటుంది. నేను ముప్పై ఏళ్లు హైస్కూల్లో సోషల్ పాఠాలు చెప్పి రిటైరయ్యాను. ఇప్పుడు వినే పిల్లలు లేరు కాబట్టి మీకు చెబుతున్నాను. అంజయ్య నాకంటే రెండేళ్లు పెద్ద. చిన్నప్పటి నుంచి అన్నా అనే పిలుస్తాను.

మా వైపు భూముల ధరలు పెరిగిన కొద్దీ ముత్తాతల మీద ప్రేమ కూడా పెరిగింది. ఊరికొక ఆర్చి, ఆర్చికొక ముత్తాత! అంజయ్య కూడా ఊరి మొదట్లో ఆర్చి కట్టించడం మొదలుపెట్టాడు. దాని మీద ఆయన ముత్తాత గుర్రం పటేల్ విగ్రహం పెట్టాలని సంకల్పం. గుర్రం ముందరి కాళ్లు పైకెత్తి ఉండాలి. పటేల్ చేతిలో కత్తి ఉండాలి. ఆయన గుర్రమెక్కి పది ఊళ్లు తిరిగేవాడని, అందుకే ఆ పేరు వచ్చిందని ఊళ్లో ఎవరినడిగినా చెబుతారు.

"తమ్మీ, ఆర్చి కింద నల్లరాయి మీద మా వంశమంతా చెక్కియ్యాలె. నువ్వు సదువుకున్నోనివి. కాయితాలు ఏడున్నయో జర దేవులాడు" అన్నాడు అంజయ్య.

ఆయన మేనత్త నీలమ్మ అరుగు మీద కూర్చుని పప్పు చెరుగుతోంది. ఎనభై ఆరేళ్ల మనిషి. చాట కింద పెట్టి నన్ను పిలిచింది.

"సారూ, పన్ల పని మా అమ్మ పేరు గుడ దేవులాడు."

"మీ అమ్మ పేరు నీకు తెల్వదా అవ్వా?"

"నన్ను కన్న మూడొద్దులకే పాయె. చందనవెల్లి పిల్ల గదా, అందరు చందనవెల్లామె అనేటోళ్లు. మా నాయినను అడిగితె ఆయన గుడ గట్లనే అనె. ఆయన మల్ల పెండ్లి చేసుకున్నంక నేను అడుగుడు బంద్ పెట్టిన."

ఆ రెండో పెళ్లి భార్యకు పుట్టినవాడే అంజయ్య తండ్రి. కాబట్టి చందనవెల్లామె అంజయ్య లెక్కలో లేదు. ఆయన చేయి ఊపాడు.

"అత్తా, ముందుగాల గుర్రం సంగతి కానియ్యి!"

నేను మొదట మొయినాబాద్‌లో ఉన్న వంశచరిత్ర శోధకుల సంఘానికి వెళ్లాను. మొబైల్ షాపు పైన ఒక గది, గది నిండా ఫ్లెక్సీలు. వాట్సాప్ గ్రూపులో నాలుగు వందల పన్నెండు మంది సభ్యులు. వారిలో రెండు వందల మంది రాజుల సంతానం, నూట తొంభై మంది సేనాధిపతుల సంతానం. మిగిలిన ఇరవై రెండు మంది రాజులా, సేనాధిపతులా అన్నది ఇంకా తేలలేదట!

నాకు కళ్లు చెమర్చాయి. మన ప్రాంతంలో మామూలు మనుషులే పుట్టలేదన్నమాట! మరి ఈ పొలాలు ఎవరు దున్నారు? ఈ బావులు ఎవరు తవ్వారు? అడిగితే గ్రూపులోంచి తీసేస్తారని ఊరుకున్నాను.

"కాగితం ఆధారాలేమైనా ఉన్నాయా?" అని మాత్రం అడిగాను.

"సార్, మన హిస్టరీ రక్తంల ఉంటది. పేపర్ల ఎందుకుంటది?" అన్నాడు సంఘం అధ్యక్షుడు. ఆయన గీసి ఇచ్చిన వంశవృక్షాలు గోడ నిండా వేలాడుతున్నాయి. ప్రతి చెట్టులోనూ తండ్రికి కొడుకు, కొడుక్కి కొడుకు. ఒక్క ఆడమనిషీ లేదు. మగవాళ్లే మగవాళ్లను కన్నారు! వైద్యశాస్త్రం మా మొయినాబాద్ దాకా ఇంకా రాలేదని ఊరికే అంటారు గానీ, చూశారా, ఎంత ముందున్నామో!

తర్వాత మా దగ్గర ఉన్న గ్రంథాలయానికి వెళ్లాను. అదెక్కడో చెప్పను. చెబితే మీరందరూ వచ్చి మీ ముత్తాతలను పాడు చేసుకుంటారు. ముందు హాల్లో గ్రూప్ టూ పరీక్షలకు చదివే పిల్లలు, వెనక గదిలో ఒక పెద్ద టేకు అలమారా. లైబ్రేరియన్ స్వామిదాసు నెమ్మదస్తుడు. అయినా పరిగెత్తుకొచ్చినట్టు ఎప్పుడూ ఆయాసపడుతూ ఉంటాడు.

"పాత పుస్తకాలన్ని గిండ్లనే ఉన్నయి సార్. పటేళ్ల కాలం కాయితాలు, మూతబడ్డ మిషను దవాఖాన రిజిస్టర్లు, అన్ని. తాళపుచెవి మాత్రం లేదు" అన్నాడు.

"ఎప్పట్నుంచి లేదు?"

"నేను డ్యూటీల చేరకముందు నుంచి."

"పగలగొడదామా?"

"ఆర్డర్ గావాలె సార్. అడిగిన. తాళపుచెవి ఎట్ల పోయిందో రాసిమ్మన్నరు. నాకేం తెలుస్తది?"

ఎంత పకడ్బందీ భద్రత! సొంతదారుకే తెరుచుకోని అలమారాను దొంగలేం చేయగలరు?

ఇక మిగిలింది నగరం. మెహదీపట్నం బస్సెక్కి, నిజాం కాలం కాగితాలు దాచిపెట్టే ఒక పెద్ద ఆఫీసుకు వెళ్లాను. కౌంటర్లో ఒకాయన ఫారం ఇచ్చాడు. అందులో మొదటి గడి: ఫైలు నంబరు.

"ఫైలు చూస్తే గద నంబరు తెలిసేది?" అన్నాను.

"నంబరు ఉంటే గద సార్, ఫైలు చూపెట్టేది!"

ఈ ఒక్క ఫారం ఎన్ని కుటుంబాల మానం కాపాడిందో ఆలోచించండి! నేనూ సంతోషంగా తిరిగి వచ్చేవాణ్నే. కానీ నా దురదృష్టం కొద్దీ అక్కడ నవత అనే అమ్మాయి ఉద్యోగం చేస్తోంది. ఉర్దూ చేతిరాతను మనం బస్సు బోర్డు చదివినట్టు చదువుతుంది. పైగా ప్రజలకు సాయం చేయాలనే చెడ్డ అలవాటు కూడా ఉంది. మా ఊరి పేరు అడిగి, సూచికలన్నీ వెతికి, నేను మూడోసారి వెళ్లేసరికి ఫైలు తీసి పెట్టింది.

"సార్, దొరికింది. కానీ జర కూసోండి" అంది.

నిజాం కాలంలో జిల్లా అధికారిగా ఉన్న ఒక తాలూక్‌దారు మా వైపు దౌరాకు, అంటే తనిఖీకి, వచ్చినప్పుడు రాసుకున్న రిపోర్టు అది. నవత నవ్వు ఆపుకుంటూ తెలుగులో చెప్పింది.

"నా గుర్రం కట్టు తెంపుకుంది. ఊరి పటేల్ దాన్ని చూసి చింతచెట్టు ఎక్కాడు. ఎంత చెప్పినా దిగలేదు. అడగవలసినవన్నీ చెట్టు కింద నిలబడే అడిగాను. మరునాడు మధ్యాహ్నం నా గుర్రం ఊరి పొలిమేర దాటాకే దిగాడని తెలిసింది. జనం ఇప్పుడతన్ని గుర్రం పటేల్ అంటున్నారు."

జిరాక్స్ తెచ్చి అంజయ్యకు ఇచ్చాను. ఆర్చికి పిల్లర్లు లేచాయి. ఆయన పిల్లర్ పక్కనే నిలబడి విన్నాడు. ముఖం ఎర్రబడింది, తర్వాత తెల్లబడింది.

"గింత పాత కాయితాన్ని చెదలు ఎందుకు తినలే?" అన్నాడు బాధగా.

చూశారా! నేను మొదట చెప్పింది ఇదే!

"ఇంకెవలకన్న చూపెట్టినవా?"

"లేదన్నా, ఎవరికీ చెప్పను" అని మాటిచ్చాను. మాట మీదే ఉన్నాను. చెప్పలేదు, రాస్తున్నాను అంతే.

నీలమ్మకు మాత్రం ఏం చెప్పాలో తోచలేదు. పటేళ్ల కాగితాల్లో పటేలు ఉన్నాడు, పటేలు కొడుకున్నాడు, ఎద్దులున్నాయి, గుర్రం కూడా ఉంది. ఆమె తల్లి లేదు. చందనవెల్లిలో ఇప్పుడు పెద్ద పెద్ద డేటా సెంటర్లు లేచాయి. ఎక్కడెక్కడి వాళ్ల సమాచారమో చల్లటి ఏసీలో భద్రంగా ఉంటుందట. ఆ ఊరి ఆడపడుచు పేరు మాత్రం ఎవరి దగ్గరా లేదు.

"దొరకలేదు అవ్వా" అన్నాను.

ఆమె తలాడించింది. "పోనీ తియ్యి సారూ. నొప్పులతోని పానం మీదికొస్తే ఎడ్లబండిల ఏసుకోని దవాఖానకు తీస్కపోయిండ్రట. బతికుంటే నేనే అడుగుదు."

"ఏ దవాఖాన?"

"తెల్ల దొరసానులు పెట్టిన దవాఖాన."

స్వామిదాసు చెప్పిన మిషను దవాఖాన రిజిస్టర్లు గుర్తొచ్చి నేను అప్పటికప్పుడు లైబ్రరీకి ఉరికాను. స్వామిదాసు నన్ను చూసి, తలుపు దగ్గరికి వేసి, గొంతు తగ్గించాడు.

"సార్, తాళం పగలగొట్టొద్దన్నరు గని అలమారా జరపొద్దనలేదు గద?"

ఇద్దరం కలిసి అలమారాను గోడ నుంచి జరిపాం. వెనక చెక్క లేదు! చెదలు మొత్తం తినేసి, మా కోసం దర్వాజా తీసిపెట్టాయి. కింది అరల్లో పటేళ్ల కాగితాలన్నీ పిండి అయిపోయి ఉన్నాయి. ఎన్ని వంశాల గౌరవం ఆ పిండిలో సురక్షితంగా ఉందో! పై అరలో ఉన్న దవాఖాన రిజిస్టర్లను మాత్రం చెద ముట్టలేదు. ఇన్నేళ్ల తర్వాత కూడా వాటికి ఏదో ఘాటైన మందు వాసన ఉంది.

నీలమ్మ పుట్టిన ఏడాది రిజిస్టరు తీశాం. అప్పటి నర్సు లిదియా చక్కటి గుండ్రటి అక్షరాలతో తెలుగులో రాసేది. దవాఖానలో ఫలానా వాడి భార్యకు మందు పోయడం కుదరదు కదా, అందుకని ప్రతి మనిషినీ పేరు అడిగి రాసింది. రెండు గంటలు వెతికాక మా ఊరి పేరు కనబడింది. నేను చదివాను. స్వామిదాసు మళ్లీ చదివాడు.

మరునాడే నీలమ్మను ఆటోలో తీసుకొచ్చాం. అంజయ్య కూడా వెంట వచ్చాడు, ఆర్చికి పనికొచ్చేది ఏమైనా దొరుకుతుందేమోనని. స్వామిదాసు ఆమెకు కుర్చీ వేసి, రిజిస్టరు ఒళ్లో పెట్టి, వేలితో చూపిస్తూ చదివాడు.

"పెంటమ్మ. పుట్టిన ఊరు చందనవెల్లి. కాన్పు కష్టమైనది. ఆడపిల్ల, క్షేమం. తల్లికి జ్వరం తగ్గలేదు. బిడ్డకు నీలమ్మ అని పేరు పెట్టమన్నది."

గ్రూప్ టూ పిల్లలు కూడా పుస్తకాలు ఆపి చూస్తున్నారు.

"మల్లొకసారి చదువు బిడ్డా" అంది నీలమ్మ. స్వామిదాసు చదివాడు. మూడోసారి కూడా చదివించుకుంది.

"నా పేరు మా మేనత్త పెట్టిందనుకున్న ఇన్నొద్దులు" అని కొంగుతో ముఖం తుడుచుకుంది. 

"అత్తా, నువ్వు రాయి మీద రాయమంటవేమో" అని అంజయ్య ఇబ్బందిగా కదిలాడు. "పెంటమ్మ అని ఎట్ల రాస్తమే? ఆర్చి కింద ఎమ్మెల్యేలు నడుస్తరు."

నీలమ్మ ఆయన వైపు తిరిగింది.

"ఎందుకు పెడుతరో ఎరుకేనా రా గట్ల? ముందుగాల పుట్టినోళ్లు దక్కకపోతే, గీ పిల్లన్న దక్కాలని, పెంటకుప్ప మీద పండవెట్టి గా పేరు పెడుతరు. మా అమ్మ బతకాలని ఎవలో మస్తు మొక్కుకున్నరు. నీ ఎమ్మెల్యే కోసం ఎవలు మొక్కిండ్రు?"

అంజయ్య బయటికెళ్లి ఆటో పక్కన నిలబడ్డాడు. ఇరవై ఏళ్ల రాజకీయ జీవితంలో ఆయన చర్చ మధ్యలో తప్పుకోవడం నేను అదే మొదటిసారి చూడడం.

ఇంటికొచ్చి ఈ కథంతా మా ఆవిడ నిర్మలమ్మకు గర్వంగా చెప్పాను. ఆమె ఓపిగ్గా విని ఒకే మాట అడిగింది.

"ఇంతకు మీ అమ్మమ్మ పేరేంది?"

మొగల్ చక్రవర్తులను వరసగా చెప్పగలను. నిజాములను వెనక నుంచి ముందుకు చెప్పగలను. మా అమ్మమ్మది మా పక్కనే ఉన్న ప్రొద్దుటూరు. ఆమెను ప్రొద్దుటూరమ్మమ్మ అనే పిలిచాను. మా ఇంట్లో అందరూ అలాగే పిలిచారు.

"నా పేరన్న యాదికున్నదా? ముప్పై ఏండ్ల సంది 'ఇగో' అనే పిలుస్తున్నరు" అంది నిర్మలమ్మ, గిన్నెలు సర్దుకుంటూ.

పొద్దున్నే లేచి, టీ కూడా తాగకుండా, ఆమె పేరు కూడా ఆ దవాఖాన రిజిస్టర్లలో ఉందేమోనని లైబ్రరీకి వెళ్లాను. మెట్ల మీద అప్పటికే ఒక మనిషి కూర్చుని ఉన్నాడు. కారు లేదు, వెంట అనుచరులు లేరు, కాళ్లకు హవాయి చెప్పులు. అంజయ్య!

"ఏందన్నా, గిట్లొచ్చినవ్?"

"మా అమ్మమ్మ నేను పుట్టకముందే పోయింది తమ్మీ. అందరు షాబాదామె అనేటోళ్లు. అమ్మను అడుగుదమంటె అమ్మ గుడ లేకపాయె" అన్నాడు నేల చూస్తూ.

నేను పక్కన కూర్చున్నాను. పదిన్నరయింది. పదకొండయింది. పిల్లలు పుస్తకాల సంచులతో వచ్చి, తలుపు చూసి, వెనక్కి వెళ్లిపోతున్నారు. లేచి చూస్తే తాళం పక్కన ఒక కాగితం అంటించి ఉంది. స్వామిదాసు చేతిరాత.

"మూడు గ్రంథాలయాలకు నేనొక్కడినే. ఈ రోజు మిగిలిన రెండూ తెరవాలి. దయచేసి సోమవారం రండి."

"సోమారమా? ఇయ్యాల గురువారమే గద!" అన్నాడు అంజయ్య.

"అన్నా, ఆర్చి పనికి ఎంతమంది వస్తున్నరు?"

"పద్నాలుగు మంది. ఇద్దరు మేస్త్రీలు..." అంటూ ఆగిపోయాడు. తాళం వైపు, కాగితం వైపు మార్చి మార్చి చూశాడు. తర్వాత అడిగాడు.

"తమ్మీ, గీడ ఇంకొక్క మనిషిని పెట్టియ్యాలంటె ఎవలకు రాయాలె?"

"ఎవరికి రాయాలో తెలిసేదాకా పేపర్ల రాస్తనన్నా" అన్నాను.

ఇదిగో, రాశాను. మేమిద్దరం మెట్ల మీదే ఉన్నాం.